చార్టు చూసి నంబర్ వేస్తే లాటరీ తగులుతుందా? లెక్క ఏం చెబుతోంది?

"భాయ్, 7 వచ్చి పన్నెండు రోజులైంది. ఇవాళ పక్కా."

కడప, ప్రొద్దుటూరు, అనంతపురం వైపు మట్కా ఆడేవాళ్ల మధ్య రోజూ తిరిగే మాట ఇది. దుబాయ్, అబుదాబిలో పనిచేసే మన పిల్లల దగ్గర ఇదే మాట ఇంకో రూపంలో వినిపిస్తుంది: "పిల్లల పుట్టిన తేదీలు వేశాను, అమ్మీ పుట్టిన నెల వేశాను, ఈసారి చూడు." ఇప్పుడు వీటికి తోడు యూట్యూబ్ వీడియోలు, వాట్సాప్ గ్రూపులు, టెలిగ్రామ్ ఛానళ్లు వచ్చాయి. పాత ఫలితాల చార్టు పెట్టి, గీతలు గీసి, రేపటి నంబర్ చెబుతామంటున్నాయి.

ఆడడం మంచిదా చెడ్డదా అనే మాట తర్వాత చూద్దాం. ముందు ఒక్క ప్రశ్నకే జవాబు వెతుకుదాం. నంబర్ల వరుసలు, చార్టులు, లెక్కలు చూసి నంబర్ ఎంచుకుంటే గెలిచే అవకాశం పెరుగుతుందా?

పెరగదు. ఎందుకు పెరగదో అర్థం కావాలంటే కాస్త గుణకారం వస్తే చాలు.

ఆటలు మూడు రకాలు

మొదటిది, టికెట్ మీద నంబర్ ముందే ఉండే లాటరీ. 1967లో మొదలైన కేరళ ప్రభుత్వ లాటరీ ఇలాంటిదే. అబుదాబిలోని బిగ్ టికెట్ కూడా అంతే. ఒక్కో టికెట్‌కు ఒక్కో నంబర్. అమ్మిన టికెట్లలో ఒకటి తీస్తారు. మీ టికెట్ చివర 7 ఉన్నా, 786 ఉన్నా, 000 ఉన్నా డబ్బాలో అది ఒక్క చీటీయే.

రెండోది, నంబర్లు మనమే ఎంచుకునేది. యూఏఈ లాటరీ 2024 చివర్లో ఇలాంటి ఆటతోనే మొదలైంది. అప్పటి పద్ధతి ప్రకారం 1 నుంచి 31 దాకా ఉన్న తేదీల్లో ఆరు, 12 నెలల్లో ఒకటి ఎంచుకోవాలి. టికెట్ 50 దిర్హాములు, మొదటి బహుమతి 10 కోట్ల దిర్హాములు.

మూడోది మట్కా. ఇది 1960లలో బొంబాయిలో పెరిగింది. అంతకుముందు న్యూయార్క్ పత్తి ధరల మీద పందాలు కాసేవారు. అవి ఆగిపోయాక కుండలో చీటీలు వేసి తీయడం మొదలుపెట్టారు. మట్కా అంటేనే కుండ. సున్నా నుంచి తొమ్మిది లోపు మూడు అంకెలు తీస్తారు, వాటిని కూడతారు, వచ్చిన మొత్తంలో చివరి అంకెను తీసుకుంటారు. 5, 3, 6 వస్తే మొత్తం 14, కాబట్టి నంబర్ 4. అది ఓపెన్. ఇంకోసారి తీసింది క్లోజ్. రెండూ కలిస్తే జోడి. ఇది చట్టవిరుద్ధం, అయినా మన రాయలసీమలో బీటర్ల చేతుల మీదుగా ఇప్పటికీ నడుస్తోంది.

"రావాల్సిన నంబర్" అనే లెక్క

అన్నిటికంటే పాత నమ్మకం ఇదే. చాలా రోజులుగా రాని నంబర్ ఇక రాక తప్పదని.

మట్కాలో జోడీలు 00 నుంచి 99 దాకా వంద. ఆట నిజాయితీగా జరుగుతోందనే అనుకుందాం. ఒక జోడి వరసగా వంద ఆటల్లో ఒక్కసారి కూడా రాకుండా ఉండే అవకాశం ఎంత? దాదాపు 37 శాతం. వంద జోడీలు వంద ఆటల్లో తలా ఒకసారి వచ్చేస్తాయని మనసు అనుకుంటుంది. లెక్కలో మాత్రం వాటిలో మూడో వంతుకు పైగా ఒక్కసారి కూడా రాకపోవడమే మామూలు. రెండొందల ఆటలు గడిచినా రాకుండా ఉండే అవకాశం ఇంకా 13 శాతం ఉంటుంది. రెండొందల ఒకటో ఆటలో ఆ జోడి వచ్చే అవకాశం? మొదటి రోజు ఎంతో అంతే, వందలో ఒకటి. నిన్న ఏం వచ్చిందో కుండకు గుర్తుండదు.

ఈ నమ్మకం ఒక దేశాన్నే ఎలా ముంచిందో ఇటలీ చూసింది. అక్కడి లాటరీలో వెనిస్ పేరుతో ఒక డ్రా ఉంటుంది. 90 నంబర్లలో ఐదు తీస్తారు. 2003 నుంచి దాదాపు రెండేళ్లు 53 రాలేదు. "ఇక రావాల్సిందే" అని జనం ఇళ్లలో దాచుకున్న డబ్బు తీశారు, అప్పులు చేశారు. ఆ ఒక్క నంబర్ మీద పోసింది 350 కోట్ల యూరోలు దాటిందని అంచనా. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలూ వచ్చాయి. చివరికి 2005 ఫిబ్రవరి 9న 53 వచ్చింది. ఆ రోజు కూడా దానికి ఉన్న అవకాశం పద్దెనిమిదిలో ఒకటే, మొదటి రోజు ఉన్నంతే.

దీన్ని తిరగేస్తే ఇంకో నమ్మకం: తరచుగా వస్తున్న నంబర్ "వేడి మీద ఉంది", దాన్నే పట్టుకోవాలని. 31 నంబర్లలో ఆరేసి తీస్తూ 50 డ్రాలు జరిగితే, ఒక్కో నంబర్ సగటున పదిసార్ల దగ్గర రావాలి. కానీ ఏదో ఒకటి 15 సార్లు, ఇంకోటి నాలుగైదు సార్లే రావడం ఏ మోసమూ లేకుండానే జరిగిపోతుంది. పిడికెడు బియ్యం నేల మీద చల్లితే అన్ని చోట్లా సమానంగా పడవు కదా, అలాగే.

ఇక్కడ ఒక తమాషా చూడండి. ఒకే చార్టు "రానిది వస్తుంది" అంటుంది, "వస్తున్నదే వస్తుంది" అని కూడా అంటుంది. ఏది వచ్చినా చార్టు చెప్పినట్టే అయిపోతుంది.

సరి, బేసి, వరస నంబర్లు

కొంచెం చదువుకున్నవాళ్లు పడిపోయేది ఇక్కడ. "మూడు సరి, మూడు బేసి వేయండి, ఎక్కువ డ్రాల్లో అవే వస్తాయి" అని చెబుతారు. మొదటి సగం నిజమే. 31లో ఆరు నంబర్లు ఎంచుకునే దారులు మొత్తం 7,36,281. వాటిలో మూడు సరి, మూడు బేసి ఉన్నవి 2,54,800. అంటే నూటికి దాదాపు 35. మిగతా ఏ కలయికకన్నా ఇదే ఎక్కువ.

మరి ఆ దారిలో వెళ్తే లాభమేగా? కాదు. బుట్ట పెద్దది, నిజమే. కానీ ఆ బుట్టలో మీ టికెట్ 2,54,800లో ఒకటి. బుట్ట తగిలే అవకాశాన్ని, బుట్టలో మీ టికెట్ తగిలే అవకాశాన్ని గుణించి చూడండి. మళ్లీ 7,36,281లో ఒకటే వస్తుంది. అన్నీ సరి నంబర్లే వేసినా ఇదే లెక్క. దానికి నెల కూడా కలవాలి కాబట్టి 12తో గుణిస్తే 88,35,372. పెద్ద బహుమతికి మీ టికెట్ అవకాశం అన్నింటిలో ఒకటి, ఏ నంబర్లు వేసినా సరే.

వరస నంబర్లు రావని ఇంకో నమ్మకం. 14, 15 పక్కపక్కన ఉంటే కొట్టేసి వేరేది రాసేవాళ్లు చాలామంది. ఇదే ఆటలో వంద డ్రాలు తీస్తే దాదాపు 69 డ్రాల్లో కనీసం ఒక జత పక్కపక్క నంబర్లు వస్తాయని లెక్క చెబుతుంది. మన కంటికి ఏది "చెల్లాచెదురుగా" కనిపిస్తుందో, అసలు చెల్లాచెదురు అలా ఉండదు.

2009 సెప్టెంబర్‌లో బల్గేరియా లాటరీలో 4, 15, 23, 24, 35, 42 వచ్చాయి. ఆ వెంటనే జరిగిన డ్రాలో మళ్లీ అవే ఆరు వచ్చాయి. దేశమంతా గోల, ప్రభుత్వం విచారణ కూడా జరిపించింది. రెండోసారి ఆ నంబర్లు వేసి గెలిచినవాళ్లు 18 మంది. ఏ చార్టు ఆ నంబర్లను చెప్పి ఉంటుంది? "నిన్న వచ్చినవి ఇవాళ రావు" అనే కదా ప్రతి చార్టు చెప్పేది.

పుట్టిన తేదీ, బండి నంబర్, 786

ఇవి లెక్కలు కావు, ప్రేమలు. పిల్ల పుట్టిన రోజు, నిఖా తేదీ, కలలో కనిపించిన అంకె, బండి నంబర్. మన ఇళ్లలో వీటన్నిటికీ పైన 786. బిస్మిల్లా అక్షరాలకు అబ్జద్ లెక్క కడితే ఆ మొత్తం వస్తుందని మనవాళ్లకు దాని మీద మమకారం. 786 ఉన్న నోటును పర్సులో దాచుకుంటాం, బండికి ఆ నంబర్ కోసం అదనంగా కడతాం. అదే మమకారాన్ని పట్టుకుని "786 స్పెషల్ జోడి" అని అమ్మేవాడు కూడా తయారవుతాడు. ఏ అంకెకైనా డబ్బాలో ఉన్న చోటు ఒక్కటే. మనకు ప్రియమైన అంకె అని దానికి ఇంకో చోటు దొరకదు.

నంబర్ ఎంపిక నిజంగా ఒక్క విషయాన్ని మారుస్తుంది. గెలిస్తే ఎంతమందితో పంచుకోవాలో అన్నదాన్ని. అందమైన వరసలు మనకొక్కరికే తోచవు.

1995 జనవరి 14న బ్రిటన్ నేషనల్ లాటరీలో మొదటి బహుమతి 1.6 కోట్ల పౌండ్లకు పైనే. ఆ నంబర్లు 133 టికెట్ల మీద ఉన్నాయి. టికెట్ కాగితం మీద అవి ఎక్కువగా మధ్య వరసల్లో ఉండే నంబర్లు, చాలామంది చెయ్యి అక్కడికే పోయింది. ఒక్కో టికెట్‌కు వచ్చింది 1.22 లక్షల పౌండ్లు. 2020 డిసెంబర్ 1న దక్షిణాఫ్రికా పవర్‌బాల్‌లో 5, 6, 7, 8, 9, ఆ తర్వాత 10 వచ్చాయి. ఇరవై మంది పంచుకున్నారు. 2022 అక్టోబర్ 1న ఫిలిప్పీన్స్‌లో వచ్చిన ఆరు నంబర్లూ తొమ్మిదో ఎక్కంలోవే: 9, 18, 27, 36, 45, 54. విజేతలు 433 మంది. 23.6 కోట్ల పెసోల బహుమతి తలా దాదాపు 5.45 లక్షల పెసోలకు దిగిపోయింది.

అంటే ప్యాటర్న్ వేసినవాడు గెలిచే అవకాశం పెంచుకోలేదు. గెలిస్తే వచ్చే వాటాను తగ్గించుకున్నాడు.

మరి లాటరీని లెక్కతో ఓడించినవాళ్లు లేరా?

ఉన్నారు. వాళ్లు చేసింది ఇది కాదు. రొమేనియాలో పుట్టిన స్టెఫాన్ మాండెల్ బృందం 1992లో అమెరికాలోని వర్జీనియా లాటరీ మీద పడింది. ఆ ఆటలో 44 నంబర్లలో ఆరు ఎంచుకోవాలి. మొత్తం కలయికలు 70,59,052, టికెట్ ఒక డాలర్, బహుమతి 2.7 కోట్ల డాలర్లు. ఏ నంబర్ వస్తుందో వాళ్లు ఊహించలేదు. అన్ని కలయికలూ కొనేయాలని చూశారు, దాదాపు 50 లక్షల టికెట్లు కొనగలిగారు, అందులో తగిలింది. ఆ తర్వాత ఇలా గంపగుత్తగా కొనకుండా నిబంధనలు వచ్చాయి. ఇది ప్యాటర్న్ విద్య కాదు, పెట్టుబడి విద్య. జీతం మిగిల్చి నెలకో టికెట్ కొనేవాడికి అందులో నేర్చుకునేది లేదు.

మట్కాలో అసలు గెలిచేది ఎవరు?

కామర్స్ చదివిన ఎవరైనా ముందు చూసేది ఖాతా పుస్తకం. మట్కాలో సింగిల్ తగిలితే రూపాయికి తొమ్మిది, జోడి తగిలితే రూపాయికి 80 నుంచి 90 ఇస్తారని మామూలుగా చెప్పుకుంటారు. పది అంకెల మీదా పది రూపాయల చొప్పున వేయండి. ఖర్చు వంద, చేతికి వచ్చేది 90. వంద జోడీల మీదా రూపాయి చొప్పున వేయండి. ఖర్చు వంద, వచ్చేది 80 లేదా 90. ఏ నంబర్ వచ్చినా పది, ఇరవై రూపాయలు కంపెనీ దగ్గర మిగులుతాయి.

రోజుకు 200 రూపాయలు జోడి మీద వేసే కూలీని తీసుకుందాం. నెలకు 6,000. రూపాయికి 80 లెక్కన సగటు నష్టం నెలకు 1,200, ఏడాదికి 14,400. ఇది సగటు మాత్రమే. ఒకరిద్దరికి తగులుతుంది కాబట్టి మిగతావాళ్లకు పోయేది ఇంకా ఎక్కువ. తగిలినవాడి డబ్బు కూడా చాలాసార్లు మళ్లీ అదే చీటీలోకి వెళ్తుంది.

"పోయిన ప్రతిసారీ రెట్టింపు చేస్తూ పో, ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది" అనే సలహా ఇంకా ప్రమాదం. సింగిల్ మీద పది రూపాయలతో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పది ఆటలు పోతే, పోయిన మొత్తం 10,230 రూపాయలు. పదకొండో ఆటకు 10,240 కావాలి. వరసగా పది ఆటలు పోవడం అరుదు అనుకుంటాం. దాని అవకాశం దాదాపు 35 శాతం. అంటే ఇలా మొదలుపెట్టిన ప్రతి ముగ్గురిలో ఒకరు ఆ గోతి దాకా వెళ్తారు.

పైన చెప్పిందంతా ఆట నిజాయితీగా జరుగుతుందనుకుని వేసిన లెక్క. మట్కాలో నంబర్ ఎవరు తీస్తున్నారో, ఎలా తీస్తున్నారో ఆడేవాడికి కనిపించదు. ఏ నంబర్ మీద ఎంత పడిందో నిర్వాహకుడికి మాత్రం తెలుస్తుంది. అందరూ ఒకే చార్టు చూసి ఒకే నంబర్ వేస్తే, ఆ నంబర్ తీయడం వాడికి లాభమా నష్టమా? మీరే ఆలోచించండి.

"నాకు మూడుసార్లు కరెక్ట్ చెప్పాడు" అనేవాళ్లకు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఎందుకంటే జనం నమ్మేది చార్టును కాదు, చెప్పిన మనిషిని. దర్గా దగ్గర కూర్చున్న బాబా కావచ్చు, టెలిగ్రామ్‌లో "గురూజీ" కావచ్చు. కిటుకు ఇలా పనిచేస్తుంది.

వాడి దగ్గర వెయ్యి ఫోన్ నంబర్లు ఉన్నాయనుకోండి. మొదటి రోజు వందేసి మందికి ఒక్కో అంకె పంపుతాడు. పది అంకెలూ వెళ్లిపోయాయి కాబట్టి వంద మందికి తప్పకుండా నిజమవుతుంది. మిగతా తొమ్మిది వందల మందిని వదిలేస్తాడు. రెండో రోజు ఆ వంద మందికి పదేసి మంది చొప్పున మళ్లీ పది అంకెలు. పది మందికి నిజమవుతుంది. మూడో రోజు ఆ పది మందికి తలా ఒకటి. ఒకరికి వరసగా మూడు రోజులు నిజమవుతుంది. ఆ ఒక్కడి దృష్టిలో అతను మహాత్ముడు. ఆ పది మందీ, ఆ ఒక్కడూ "వీఐపీ గ్రూపు" ఫీజు కడతారు, ఇంకో పది మందికి చెబుతారు. నంబర్ ముందే తెలిసినవాడు దాన్ని 500 రూపాయలకు ఎందుకు అమ్ముతాడు, తానే వేసుకోక?

చట్టం, పన్ను

తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లాటరీ లేదు. మట్కా రాసేవాళ్ల మీద, ఆడేవాళ్ల మీద కూడా కేసులు పెట్టొచ్చు. కేరళ లాటరీని ఆ ప్రభుత్వం కాగితం టికెట్‌గా మాత్రమే అమ్ముతుంది, ఆన్‌లైన్‌లో అమ్మదు. కాబట్టి వాట్సాప్‌లో "కేరళ లాటరీ టికెట్" పంపేవాడు మోసగాడే అనుకోండి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది.

చట్టబద్ధంగా గెలిచినా మన దేశంలో లాటరీ సొమ్ము మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. పది లక్షలు గెలిస్తే 3,12,000 పోతుంది. ఏళ్ల తరబడి టికెట్ల మీద పెట్టిన ఖర్చును అందులోంచి తీసేయడానికి వీల్లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి లాటరీల మీద జీఎస్టీ కూడా 40 శాతం అయింది. "మీకు లాటరీ తగిలింది, ముందు పన్ను కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. నిజమైన లాటరీలో పన్నును బహుమతిలోంచే పట్టుకుంటారు, ముందు మన జేబులోంచి అడగరు.

ఇంట్లోవాళ్లు ఏం చేయొచ్చు

జూదం హరామ్ అని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఖుర్ఆన్‌లో సూరా మాయిదా 90వ ఆయత్ మద్యంతో పాటు జూదాన్ని, బాణాలతో జోస్యం చూసి పంచుకోవడాన్ని ఒకే చోట పెట్టి దూరంగా ఉండమంది. ఒకటి పందెం, ఇంకోటి ముందే తెలుస్తుందనే భ్రమ. నంబర్ చార్టులో ఆ రెండూ ఉన్నాయి. అయినా మనవాళ్లు ఆడుతున్నారు, ఎందుకంటే అప్పు ఉంది, చెల్లి పెళ్లి ఉంది, వీసాకు పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. అలాంటివాడిని తిడితే చార్టును దాచిపెడతాడు, మానడు.

పనికొచ్చేది ఒకటే, లెక్క రాయించడం. ఒక నోటుబుక్కులో మూడు నెలలు రోజూ వేసింది ఒకవైపు, వచ్చింది ఒకవైపు రాయమనండి. "అప్పుడప్పుడూ వస్తోంది" అనే మాట ఆ రెండు గడుల ముందు నిలబడదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో కూడా ఈ మాట దాపరికం లేకుండా మాట్లాడండి. స్నేహితులతో కలిసి టికెట్‌కు ఎంత పెడుతున్నాడో అడగండి. బిగ్ టికెట్ ఒక్కటే 500 దిర్హాములు.

అప్పులు పెరిగి నిద్ర పట్టనివాళ్లు, చనిపోవాలనే ఆలోచన వస్తున్నవాళ్లు ప్రభుత్వ టెలిమానస్ నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నంబర్ చెబుతామని, బహుమతి వచ్చిందని ఆన్‌లైన్‌లో డబ్బు లాగేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపే వీలు అంత ఎక్కువ.